సేంద్రియ కూరగాయలకు వారపు బుట్ట మేలా, దుకాణం మేలా?

నిజాంపేట నివాసి
ఇంట్లో నలుగురం, అందులో ఇద్దరు చిన్నపిల్లలు. పురుగుమందులు కొట్టని కూరగాయలకు మారాలని నిర్ణయించుకున్నాం. హైదరాబాద్‌లో మాకు రెండు దారులు కనిపిస్తున్నాయి. వికారాబాద్ వైపు పొలాల నుంచి ప్రతి శనివారం ఇంటికి బుట్ట పంపే బృందం ఒకటి ఉంది. మూడు నెలల డబ్బు ముందే కట్టాలి, ఆ వారం ఏది కోతకు వస్తే అదే పంపుతారు. రెండోది మా వీధి చివరి సేంద్రియ సరుకుల దుకాణం. అక్కడ కావలసినవి ఏరుకోవచ్చు గానీ ధర మామూలు కూరగాయలకు దాదాపు రెట్టింపు. రెండూ వాడి చూసినవారు ఏది మంచిదో చెప్పగలరా?

నల్లరేగడి
బుట్టే. వానకాలంలో మన పొలాల్లో బీర, సొర, దోస, బెండ, గోరుచిక్కుడు ఉంటాయి. చలి మొదలయ్యాక చిక్కుడు, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్ వస్తాయి. బుట్టలో ఈ క్రమమే కనిపిస్తుంది. దుకాణంలో మాత్రం మే నెలలో కూడా కాలీఫ్లవర్ పేర్చి ఉంటుంది. ఇంత ఎండలో అది ఎక్కడ పండింది, ఎన్ని రోజులు ప్రయాణం చేసి వచ్చింది అని అడిగితే అక్కడ చెప్పేవారుండరు. ఇక ఆకుకూరల సంగతి. తెల్లవారుజామున కోసిన తోటకూర ఆ రోజే ఇంటికి చేరితే ఒక రుచి. సేకరణ కేంద్రం, చల్లని గది, ట్రే అన్నీ దాటి మర్నాడో మూడోనాడో చేరితే ఆ రుచి ఉండదు. తిన్నవారికి ఎవరూ చెప్పనవసరం లేదు.

లెక్కల మాస్టారు
రుచి గురించి తర్వాత మాట్లాడదాం. ఆ బుట్ట మీద జైవిక్ భారత్ వంటి సేంద్రియ ధ్రువీకరణ ముద్ర ఉందా? ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం సేంద్రియమని చెప్పి అమ్మే ఆహారానికి ధ్రువీకరణ ఉండాలి. దానికి రెండు పద్ధతులు ఉన్నాయి. కేంద్ర వాణిజ్య శాఖ కింద ఎగుమతుల సంస్థ అపెడా నడిపే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం, ఎన్‌పీఓపీలో బయటి సంస్థ పొలానికి వచ్చి తనిఖీ చేస్తుంది. వ్యవసాయ శాఖ నడిపే భాగస్వామ్య హామీ పద్ధతి, పీజీఎస్‌లో రైతులే బృందంగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు చూస్తారు. ఈ రెండింటిలో ఏదో ఒక కాగితం చూపించలేనివారికి పైసా కట్టకండి.

పెరటి బచ్చలి
మేడ మీద నాలుగు కుండీలు పెట్టుకోండి. కనీసం ఆకుకూరలకైనా ఎవరి ముద్రా అక్కర్లేదు.

నల్లరేగడి
మాస్టారూ, అవే నిబంధనల్లో ఇంకో మాట కూడా ఉంది. పండించిన చిన్న రైతుగానీ, చిన్న రైతుల ఉత్పత్తిదారుల సంఘంగానీ తినేవారికి నేరుగా అమ్మితే ఆ ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉంటుంది. చిన్న రైతు కాగితాల ఖర్చు కింద నలిగిపోకూడదనే అది పెట్టారు. జనగామ జిల్లా ఏనెబావి 2006 నాటికే ఊరు ఊరంతా రసాయన ఎరువులు, పురుగుమందులు మానేసింది. జీవామృతం, వేప కషాయం వాడి పంట తీసే రైతు ముద్ర కోసం ఎదురుచూస్తూ కూర్చోడు. మీరు పొలం చూడరు, కాగితం చూస్తారు.

లెక్కల మాస్టారు
మినహాయింపు నేరుగా అమ్మే రైతుకు. ఇక్కడ బుట్ట పంపేది "బృందం". వాళ్లే పండిస్తున్నారా, నలుగురి దగ్గర కొని పంపుతున్నారా? కొని పంపితే వాళ్లు మధ్యవర్తులు. రైతుకు ఇచ్చిన మినహాయింపు వాళ్లకు దానంతటదే రాదు. ఈ ప్రశ్నకు జవాబు లేకుండా ఏనెబావి గురించి చెప్పి ఏం లాభం?

జహీరాబాద్ దారి
నేను కొంతకాలం పీజీఎస్ పనిలో ఉన్నాను, అందుకే రాస్తున్నాను. అందులో కనీసం ఐదుగురు రైతులు ఒక స్థానిక బృందంగా ఏర్పడాలి. రసాయనాలు మానిన కొత్తలో వారికి "పీజీఎస్ గ్రీన్" ఇస్తారు, మార్పు దశ పూర్తయ్యాక "పీజీఎస్ ఆర్గానిక్" వస్తుంది. జహీరాబాద్ చుట్టుపక్కల దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇలా ఒకరికొకరు పూచీ పడే పద్ధతిని చాలాకాలంగా నడుపుతున్నాయి. మీ ఇద్దరి వాదనలోనూ ఆ మార్పు దశ కనిపించడం లేదు. ఎన్‌పీఓపీలో ఏడాది పంటలకు రెండేళ్లు, పండ్ల తోటలకు మూడేళ్లు ఆగాలి. ఆ కాలమంతా దిగుబడి తగ్గవచ్చు, సేంద్రియ ధర మాత్రం రాదు. దుకాణాలు ఆ పంట వైపు సాధారణంగా చూడవు. ముందే డబ్బు కట్టే బుట్ట ఆ రైతును నిలబెడుతుంది. కాబట్టి నిజాంపేట గారూ, ఏ కూర ఏ పొలానిది, ఆ పొలం ఏ దశలో ఉందని ఆ బృందాన్ని అడగండి.

లెక్కల మాస్టారు
అంటే ముద్ర లేని పంటకు ముద్ర ఉన్న ధర కట్టమనేగా?

జహీరాబాద్ దారి
ధర గురించి నేను ఒక్క మాట కూడా అనలేదు.

నల్లరేగడి
మాస్టారు గారు మెచ్చే దుకాణంలో కందిపప్పు పొట్లం మీద ముద్ర ఉంటుంది, ఒప్పుకుంటాను. విడిగా ట్రేలో పోసిన వంకాయలకు ఏ ముద్ర ఉంది? పైన ఒక బోర్డు, దాని మీద ఒక ఆకు బొమ్మ. ఈ చర్చ కూరగాయల గురించి. ముద్ర అడిగేవారు ఆ వంకాయల దగ్గర కూడా అడగాలి. ధర మాటకొస్తే, 2023 జూలైలో బయట టమాటా కిలో వంద రూపాయలు దాటింది. మాకు బుట్టలో వచ్చిన టమాటాకు అదనంగా ఒక్క రూపాయి అడగలేదు.

లెక్కల మాస్టారు
చలికాలంలో రైతు బజారులో టమాటా చవకగా పోసి అమ్ముతున్నప్పుడు కూడా మీరు అదే ధర కట్టారు. ఆ లెక్క కూడా రాయండి.

ఇక నా అనుభవం. ఇలాంటి ఒక బుట్టకే మేము ఆరు నెలల డబ్బు ముందుగా కట్టాం. కొన్ని వారాలు బాగా పంపారు. తర్వాత వానలు అన్నారు, బుట్ట సగమైంది. ఆ సగంలో కూడా కుళ్లిన దోసకాయలు. ఆ తర్వాత అదీ ఆగిపోయింది. ఫోన్ చేస్తే "పంట పోయింది సార్, మీరూ మాలో ఒకరు కదా, అర్థం చేసుకోవాలి" అన్నారు. డబ్బు తిరిగి రాలేదు. దుకాణంలో కుళ్లిన కాయ ఉంటే తీసుకోను, నా డబ్బు నా జేబులోనే ఉంటుంది. నాకు కావలసిన భద్రత అదే.

సాగర్ రోడ్డు
మాకూ ఇలాగే జరిగింది. నెలవారీగా కట్టించుకునేవారి దగ్గరే తీసుకోండి.

నల్లరేగడి
పంట పోతే డబ్బు వెనక్కి అడగడం ఏ న్యాయం? ముందు కట్టడమంటే ఆ పొలం మంచిచెడుల్లో పాలు పంచుకోవడమే. జపాన్‌లో 1970ల నుంచి "తెయికెయి" పేరుతో తినేవారూ పండించేవారూ ఇలాగే ఒప్పందం చేసుకుంటున్నారు. ఎక్కువ పండితే ఎక్కువ, తక్కువ పండితే తక్కువ. ఒప్పుకుని కట్టి, వాన పడగానే కొనుగోలుదారుగా మారిపోతారా?

లెక్కల మాస్టారు
నేను ఏ రోజూ భాగస్వామిగా సంతకం చేయలేదు. నాకు చూపించిన కాగితంలో "వారానికి ఏడు కిలోలు" అని రాసి ఉంది. రైతు నష్టం ప్రభుత్వం చూడాలి, పంట బీమా చూడాలి. జీతం మీద బతికే మా ఇంటి కూరగాయల డబ్బు ఎందుకు చూడాలి? సానుభూతి పేరుతో నన్ను నేరస్థుడిలా నిలబెట్టకండి.

నల్లరేగడి
అయితే నేనూ చెబుతాను. మా నాన్న వంకాయ, ఆకుకూరలు రసాయనాలు లేకుండా పండించారు. నగరంలో ఒక సేంద్రియ దుకాణాల వరుసకు సరుకు ఇచ్చారు. సాయంత్రానికి అమ్ముడుపోని కట్టలన్నీ "వాడిపోయాయి" అని బిల్లులోంచి తీసేసేవారు. ఉదయం చెమ్మతో ఇచ్చిన పాలకూర ఫ్యాన్ కింద రోజంతా ఉంటే వాడదా? వాడిన కట్ట వెనక్కి ఇచ్చేవారు కూడా కాదు, లెక్కలో మాత్రం తగ్గేది. మిగిలిన డబ్బు నెలల తరబడి తిరిగితే వచ్చేది. ఆయన మళ్లీ యూరియా చల్లి టోకు మార్కెట్‌కే వెళ్లారు. మాస్టారు గారు చేతికి తీసుకోకుండా వదిలేసిన ఆ కుళ్లిన కాయ ఖర్చు ఎవరు కట్టారో ఒకసారి ఆలోచించాలి. మా ఇల్లు కట్టింది.

లెక్కల మాస్టారు
మీ నాన్నగారికి జరిగింది అన్యాయం, అందులో రెండో మాట లేదు. ఆ అన్యాయం దుకాణం చేసింది. నేను చేయలేదు. లాభం తీసుకున్న దుకాణమే నష్టం మోయాలి. దాని మీద కోపం తెచ్చి నా మీద పోస్తే ఎలా?

నల్లరేగడి
మోయాలి అంటున్నారు, మోయడం లేదు. మోయదని తెలిసీ మీరు అక్కడే కొంటున్నారు. మీలాంటి చదువుకున్నవారికి రైతు అంటే ట్రే వెనకాల ఉండే ఒక బొమ్మ, అంతే.

నిర్వాహకులు
వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. పై సందేశంలోని చివరి వాక్యం వంటివి ఇకపై తొలగిస్తాం. చర్చ కొనసాగించండి.

వంటింటి మాట
ఇంతసేపు చదివాను. రైతు మోయాలా, దుకాణం మోయాలా, కొనేవారు మోయాలా అని మీ ఇద్దరూ తేల్చుకుంటున్నారు. మా ఇంట్లో అది నేను మోశాను. బుట్టకు డబ్బు కట్టాలని నిర్ణయించింది మా వారు. శనివారం సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గోంగూర, చుక్కకూర, తోటకూర కట్టలు మట్టితో సహా గుమ్మంలో ఉండేవి. వలవాలి, ఇసుక పోయేదాకా కడగాలి, ఆరబెట్టి గుడ్డలో చుట్టాలి. ఆ రాత్రి చేయకపోతే ఆదివారానికి పసుపుబారుతాయి. పారేస్తే రైతు కష్టాన్ని పారేసినట్టు నా మనసే నన్ను తప్పుపడుతుంది. వరుసగా సొరకాయలు వచ్చిన వారాల్లో పిల్లలు తినరు, మా వారు "ఇంకేదైనా చేయవచ్చుగా" అంటారు. దుకాణానికి మారాక నేను చేయగలిగినంతే తెస్తున్నాను. నేను తాజాదనానికి వ్యతిరేకిని కాను. కానీ తోటకూర రుచి గొప్పగా చెప్పిన నల్లరేగడి గారూ, మీ ఇంట్లో ఆ కట్టలు ఎవరు వలుస్తారు?

పెరటి బచ్చలి
ఈ ప్రశ్నకు జవాబు కోసం నేనూ చూస్తున్నాను.

నల్లరేగడి
అమ్మ వలుస్తుంది. అమ్మకు పల్లె అలవాటు, కష్టమనుకోదు. అయినా ఇది ఇంటి పనుల చర్చ కాదు కదా.

వంటింటి మాట
కష్టమనుకోదని ఆమె చెప్పారా, మీరు అనుకుంటున్నారా? ఇది ఇంటి పనుల చర్చే. కూర పొలంలో పండినంత మాత్రాన కంచంలోకి రాదు. ఆ బృందాలు ఆకుకూరలు ఎన్ని కట్టలు కావాలో అడిగి పంపితే నేను ఇప్పుడే మళ్లీ చేరతాను. అడగకుండా పంపి, వాడకపోతే రైతుకు ద్రోహం అంటే, కూలి లేని ఇంకో మనిషిని ఆ పొలంలోకి దింపినట్టే.

జహీరాబాద్ దారి
ఆమె చెప్పినది పెద్ద మాట. పొలంలో కోత నిర్ణయించేది కూడా ఎక్కువగా ఆడవాళ్లే. ఈ వారం ఎవరికి ఏది వద్దో ముందురోజు తెలిస్తే ఆ మడి కోయకుండా విత్తనానికి వదలవచ్చు, లేదా ఊరి సంతకు పంపవచ్చు. ఇది చేయలేని పని కాదు, ఫోన్‌లో అడిగితే చాలు.

లెక్కల మాస్టారు
కావలసినవే పంపుతామంటే అది దుకాణమే అయింది. అప్పుడు ముందే డబ్బు ఎందుకు?

నల్లరేగడి
విత్తనం ముందే వేయాలి కాబట్టి. వంకాయ నారు పోసిన రోజు నుంచి మొదటి కోతకు నెలలు పడుతుంది, కూలి ఆ రోజే ఇవ్వాలి. ఏది వద్దో చెప్పుకునే వీలు ఉండాలన్న మాటకు నేను అడ్డు చెప్పను. డబ్బు మాత్రం పంటకు ముందే రావాలి.

నిజాంపేట నివాసి
అందరికీ కృతజ్ఞతలు. ఆ బృందానికి ఫోన్ చేశాను. వాళ్లది రైతుల ఉత్పత్తిదారుల సంస్థేనట, సభ్యుల పొలాల జాబితా పంపారు. కొన్ని పొలాలు ఇంకా మార్పు దశలోనే ఉన్నాయని అడగకముందే చెప్పారు. వానకు బుట్ట తగ్గితే ఆ మేరకు తర్వాతి వారాల్లో కలుపుతారట, డబ్బు మాత్రం వెనక్కి ఇవ్వరు. ఆకుకూరలు వద్దనే వీలు ఇప్పటికి లేదన్నారు. మా ఇంట్లో కూరలు వలిచేది నేనే, కాబట్టి ఆ సంగతి నాకూ ముఖ్యమే. పప్పులు, బియ్యం దుకాణంలో ముద్ర చూసి తెచ్చుకుంటాను. బుట్ట విషయం ఇంకా తేలలేదు. నెల డబ్బు మాత్రమే తీసుకోమని అడిగాను, సోమవారం చెబుతామన్నారు.

లెక్కల మాస్టారు
వానకు తగ్గిన తూకం ఎన్ని వారాల్లోగా కలుపుతారో రాతపూర్వకంగా తీసుకోండి.

వంటింటి మాట
బుట్ట శనివారం ఉదయం వస్తుందా, సాయంత్రమా? అది కూడా అడగండి.