ఇంట్లో కట్టుకునే విమానానికి చక్రాలు మడిచెయ్యాలా, వదిలెయ్యాలా?

లంకపిట్ట (అంబాజీపేట దగ్గర):
నాలుగేళ్ళుగా మా కొబ్బరికాయల షెడ్డులో రెండు సీట్ల విమానం కడుతున్నానండి. ఫైబర్ బాడీ, 100 హార్స్‌పవర్ రోటాక్స్ ఇంజన్. ప్లాన్లలో రెండు రకాలూ ఉన్నాయి: చక్రాలు బయటే ఉండిపోయేది ఒకటి, రెక్కల్లోకి మడుచుకునేది ఒకటి. నా మనసు మడిచేదాని మీదుంది. వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగు రెట్లు, దాన్ని నెట్టడానికి శక్తి ఎనిమిది రెట్లు కావాలి కదా. చక్రాలు వేలాడేసుకుని తిరగడం దేనికి?

పాత ఎయిర్‌మన్:
తమ్ముడూ, సూత్రం సరే, నీ వేగంలో లెక్కెయ్యి. గంటకి 200 కిలోమీటర్లు పోతావు. మడిస్తే 228 అనుకో, ఎక్కువే ఇస్తున్నాను. రాజమండ్రి నుంచి విశాఖ గాలిదారిన సుమారు 160. 48 నిమిషాలు పట్టేది 42 అవుతుంది. ఆ ఆరు నిమిషాలకి పంపు, జాకులు, లాకులు, తలుపులు, లాకు పడిందో లేదో చెప్పే మైక్రోస్విచ్చులు. సిర్రస్ ఎస్‌ఆర్22 అనే చిన్న విమానానికి 310 హార్స్‌పవర్ ఇంజన్, దాని చక్రాలే బయట ఉంటాయి. ఇళ్ళలో కట్టుకునే వ్యాన్స్ ఆర్‌వీ విమానాలన్నీ అంతే. చక్రాలకి మంచి తొడుగులు వేసుకో, చాలు.

చెరువుగట్టు (భీమవరం వైపు):
మాది ఉప్పుగాలి. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల గేర్‌బాక్సులే రెండేళ్ళు ఆగట్లేదు. మైక్రోస్విచ్చు ఆగుతుందా?

లంకపిట్ట:
చెరువుగట్టు గారూ, స్విచ్చు సంగతి తర్వాత. ఇంజన్ ఆగితే నేను దిగేదెక్కడ? కాలవ కట్టేసిన నెలన్నర తప్ప ఏడాదంతా మా చేలల్లో నీళ్ళే. దిగి ఉన్న చక్రం బురదలో కర్రులా దిగబడుతుంది, విమానం పల్టీ కొడుతుంది. చక్రాలు మడిచేస్తే పొట్ట మీద జారిపోతుంది.

పాత ఎయిర్‌మన్:
పల్టీ ప్రమాదం ఉంది, కాదనను. కానీ గట్టుకి కొట్టుకుంటే మొదటి దెబ్బ చక్రాల కాళ్ళు తింటాయి. కాళ్ళు లేకపోతే అది నేరుగా నీ నడుముకి తగులుతుంది.

డ్రైవర్‌బాబు:
మా ట్రాక్టర్ ట్రక్కు జాకీ వర్షంలో పైకి లేచి దిగలేదు. ధాన్యం మొత్తం తడిసిపోయింది. జాకీలంటే నాకు నమ్మకం లేదు.

లంకపిట్ట:
ట్రక్కు జాకీకీ దీనికీ సంబంధం ఏంటండీ. ఎయిర్‌మన్ గారూ, మీ ఎయిర్‌ఫోర్సే హెచ్‌పీటీ-32 శిక్షణ విమానాన్ని 2009లో ఆపేసింది. 2013లో తెచ్చిన పిలాటస్ పీసీ-7కి చక్రాలు లోపలికి పోతాయి. కొత్తగా నేర్చుకునే కుర్రాళ్ళకే ఇస్తుంటే నాకెందుకు వద్దు?

పాత ఎయిర్‌మన్:
హెచ్‌పీటీని ఆపింది గాల్లో ఇంజన్ ఆగిపోతోందని, చక్రాల వల్ల కాదు. నేను హకీంపేటలో కిరణ్ శిక్షణ జెట్‌ల దగ్గర పనిచేశాను. వాటి చక్రాలు మడుచుకుంటాయి. విమానాన్ని జాకీల మీదకెత్తి, చక్రాలు లోపలికి బయటికి ఆడించి, లాకు పడే చప్పుడు చెవి పెట్టి వినేవాళ్ళం. ఒక్క విమానానికి అంతమంది మనుషులం. నీ షెడ్డులో ఎవరున్నారు?

లంకపిట్ట:
నేనున్నాను. చదువుకోనివాడు చెయ్యలేడనే కదా మీ ఉద్దేశం? మొదటి రోజు నుంచీ అదే మాట. రెక్క బరువంతా మోసే దూలం, ఆ స్పార్ కట్టేటప్పుడూ బయట చేయించమన్నారు. నేనే కట్టాను, ఇసకబస్తాలు పేర్చి తూకం చూపించాను.

పాత ఎయిర్‌మన్:
చెయ్యలేవని అనలేదు. ఆ స్పార్ నా చేత్తో తడిమి చూశాను, వంక లేదు. నా బాధ వేరు. మొదట టెయిల్ మార్చావు. తర్వాత పానెల్ మొత్తం పీకి మళ్ళీ వేశావు. ఇప్పుడు చక్రాలు. ప్రతిసారీ కష్టమైనదే ఎంచుకుంటున్నావు, పని ఇంకో ఏడాది వెనక్కి పోతోంది. నీకు 58. నువ్వు కడుతూ ఉండడం కాదు, ఎగరడం చూడాలని ఉంది నాకు.

గౌతమిపాయ:
ఇంట్లో కట్టుకునే లాంగ్-ఈజీ విమానంలో ముందు చక్రం ఒక్కటే మడుచుకుంటుంది, వెనకవి కదలవు. అలా మధ్యేమార్గం కుదరదా?

లంకపిట్ట:
కుదరదండి, నాది ఆ డిజైను కాదు. అన్నగారూ, మీరన్నదాంట్లో కొంత నిజం ఉంది, రాత్రి నిద్ర పట్టలేదు. ఒకటి చెప్పలేదు మీకు. పోయిన శ్రావణంలోనే కుడి రెక్కలో చక్రానికి గూడు కోసేశాను. ఎడమది కొయ్యలేదు. అందుకే ఇక్కడ అడిగాను.

పాత ఎయిర్‌మన్:
స్పార్‌కి ఎంత దూరంలో కోశావు?

లంకపిట్ట:
ముందువైపు. నాలుగు వేళ్ళు.

పాత ఎయిర్‌మన్:
ఎడమ రెక్క ముట్టుకోకు. ఆదివారం పొద్దున్న రావులపాలెం బస్సు దిగి వస్తాను. కోత చూస్తేగాని మూసెయ్యొచ్చో లేదో చెప్పలేను. ఫైబర్ బట్ట, రెజిన్ ఎంత మిగిలిందో తూచి పెట్టు.