‘ఎగువ సభ’ అనే మాట ఎంతవరకు నిజం?

మిత్రులకు నమస్కారం. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు తెలుగు మీడియంలో పాలిటీ చెబుతాను. మొన్న రాజ్యసభ పాఠం అయ్యాక నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి నోట్సు తెరిచి, నేను రాయించిన లైను మీద వేలు పెట్టింది. “సార్, ఎగువ సభ అని రాయించారు. మా సాగర్‌కు ఎగువన గేట్లు దించితే మాకు చుక్క రాదు. మరి ఈ ఎగువ సభ బడ్జెట్‌ను ఎందుకు ఆపలేకపోతోంది?”

ఆ పిల్ల సరిగ్గానే ఆలోచించింది. నేను రాయించిన మాటే దారి తప్పించింది.

ఎగువ, దిగువ మనకు నేల మాటలు, నీళ్ల మాటలు. ఎగుడుదిగుడులో ఉన్నవి అవే. ఎగువ అహోబిలం, దిగువ అహోబిలం అంటాం. వానాకాలం వస్తే హైదరాబాద్‌లో రోజూ వినేదే: ఎగువన వాన పడింది, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు, మూసీ పక్కన ఉండేవాళ్లు జాగ్రత్త. గేటు ఎప్పుడూ ఎగువవాడి చేతిలోనే ఉంటుంది.

పార్లమెంటులో డబ్బు సంగతి దీనికి తలకిందులు. ధన బిల్లు, అంటే బడ్జెట్‌లో వచ్చే పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లు, లోక్‌సభలోనే పుట్టాలి. రాజ్యసభ దాన్ని 14 రోజుల్లో తిప్పి పంపాలి. సూచనలు చేయొచ్చు గానీ, వాటిని ఒప్పుకోవడం, మానడం లోక్‌సభ ఇష్టం. గడువు దాటితే రెండు సభలూ ఆమోదించినట్టే లెక్క. ఏది ధన బిల్లో తేల్చేది కూడా లోక్‌సభ స్పీకరే. ప్రభుత్వాన్ని దించాలన్నా అక్కడే, ఎందుకంటే 75వ అధికరణ ప్రకారం మంత్రిమండలి జవాబు చెప్పుకోవాల్సింది లోక్‌సభకే.

‘పెద్దల సభ’ కూడా అలాంటిదే. మన ఇళ్లలో పెద్దల మాట అంటే ఆఖరి మాట. ఇక్కడ పెద్దలు చెప్పేది వింటారు, బీరువా తాళం మాత్రం వాళ్ల దగ్గర ఉండదు. వయసు తేడా అంటారా, లోక్‌సభకు 25 ఏళ్లు నిండాలి, రాజ్యసభకు 30. అంతే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ‘రాజ్యసభ’ అనే పేరే. కౌన్సిల్ ఆఫ్ స్టేట్స్‌కు 1954 ఆగస్టు 23న ఆ హిందీ పేరు పెట్టారు. హిందీలో రాజ్య అంటే మన రాష్ట్రం, రాష్ట్ర అంటే మొత్తం దేశం. తెలుగులో ఇది తారుమారైంది. మనకు రాజ్యం అంటే రాజు ఏలే నేలంతా. రాష్ట్రం అంటే దేశంలో ఒక భాగం. అందుకే రాష్ట్రపతి అనగానే కొత్తగా వచ్చిన పిల్లలు గవర్నర్ అనుకుంటారు, రాజ్యసభ అంటే దేశం మొత్తానికి పైన కూర్చున్న సభ అనుకుంటారు. అసలు అర్థం రాష్ట్రాల సభ. మన ఎమ్మెల్యేల ఓట్లతో తెలంగాణ నుంచి 7గురు, ఆంధ్రప్రదేశ్ నుంచి 11 మంది వెళ్తారు. ఆ అర్థం పట్టుకుంటే దాని ప్రత్యేక అధికారాలూ తేలిగ్గా గుర్తుంటాయి. రాష్ట్ర జాబితాలోని (మామూలుగా రాష్ట్రాలే చట్టం చేసుకునే) అంశం మీద జాతీయ ప్రయోజనం కోసం పార్లమెంటు చట్టం చేయాలంటే ముందు రాజ్యసభ మూడింట రెండు వంతుల ఓటుతో తీర్మానం చేయాలి. ఐఏఎస్, ఐపీఎస్ లాంటి కొత్త అఖిల భారత సర్వీసు పెట్టాలన్నా అంతే. రాష్ట్రాల సంగతి కాబట్టి రాష్ట్రాల సభను అడుగుతారు.

‘రాష్ట్రాల సభ’ అని వాడుకలోకి తేవచ్చా? మీరేమంటారు?

జవాబు (పత్రిక డెస్క్‌లో పనిచేసే సభ్యురాలు): మాస్టారూ, హెడ్డింగులో ‘పెద్దల సభ’ రోజూ రాసేదాన్ని నేనే. శాసన మండలికీ అదే రాస్తాం. మీరన్నది ఒప్పుకుంటాను. కానీ రాజ్యసభను కాస్త తక్కువ చేశారేమో. 2014 ఫిబ్రవరి 18న తెలంగాణ బిల్లు లోక్‌సభలో పాసైంది. మా ఆఫీసు కింద టపాసులు కాలుస్తుంటే టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ, “ఇంకా రాజ్యసభ ఉంది గదమ్మా, అప్పుడే పండగేంది” అన్నాడు. 20న అక్కడ పాసయ్యేదాకా టెన్షనే.

జవాబు (మరో సభ్యుడు): ‘రెండో సభ’ అంటే తేలిపోతుంది కదా సార్?

నా జవాబు: అమ్మా, ఆ టీ కొట్టాయన చెప్పిందే రాజ్యాంగం. మామూలు బిల్లుకు రెండు సభలూ ఒప్పుకోవాలి. పేచీ వస్తే ఉమ్మడి సమావేశం పెట్టొచ్చు. 1961, 1978, 2002లో మూడు బిల్లుల కోసం పెట్టారు. అక్కడ లోక్‌సభ 543 మంది పక్కన రాజ్యసభ 245 మంది కూర్చుంటారు కాబట్టి మొగ్గు ఎటో తెలిసిందే.

తమ్ముడూ, ‘రెండో’ అనగానే తక్కువ అనే అర్థం వచ్చేస్తుంది. రాజ్యాంగ సవరణకు ఉమ్మడి సమావేశం లేదు, ఏ సభకు ఆ సభ విడిగా ఒప్పుకోవాలి. 1970లో రాజభరణాలను (పాత సంస్థానాల రాజులకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము) రద్దు చేసే సవరణ బిల్లు లోక్‌సభ దాటి రాజ్యసభకు వచ్చింది. మన నిజాం వారసుడి భరణం కూడా అందులో ఉంది. 149 అనుకూలం, 75 వ్యతిరేకం. మూడింట రెండు వంతులకు 150 కావాలి. ఒక్క ఓటుతో ఆగిపోయింది. మరుసటి ఏడాది 26వ సవరణతో గానీ రద్దు కాలేదు.

నిన్న క్లాసులో నోట్సు దిద్దించాను. పరీక్షలో పాత మాటే వస్తుంది కాబట్టి ‘ఎగువ సభ’ను కొట్టేయించలేదు. దాని కిందే ‘అంటే రాష్ట్రాల సభ; డబ్బు బిల్లుకు 14 రోజులు, సవరణకు సమాన బలం’ అని రాయించాను.