ఐదుగురున్న ఇల్లు, ఇరుకు వంటగది: ఎన్ని లీటర్ల ఫ్రిజ్ సరిపోతుంది?

బెజవాడ కోడలు:

నమస్కారం. విజయవాడలో మా ఇంట్లో అత్తగారితో, ఇద్దరు పిల్లలతో కలిపి ఐదుగురం ఉంటాము. ఇప్పుడున్న 190 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో దోసెల పిండి గిన్నె పెడితే పెరుగు గిన్నెకు చోటుండదు. ఆదివారం రైతు బజారులో కొన్న కూరగాయల్లో సగం బయటే ఉండి వాడిపోతున్నాయి. షాపులో మనిషికి వంద లీటర్లని లెక్క చెప్పి, 500 లీటర్లు దాటిన, తలుపులు పక్కపక్కనే ఉండే సైడ్ బై సైడ్ ఫ్రిజ్‌ల వైపు నడిపిస్తున్నారు. మా వంటగదిలో గోడకూ గట్టుకూ మధ్య 27 అంగుళాల జాగా ఉంది, దానిపైన ఆరడుగుల ఎత్తులో అటక ఉంది. మాంసం, చేపలు తెచ్చిన పూటే వండుకుంటాము కాబట్టి ఫ్రీజర్‌తో మాకు ఐస్ ముక్కలకు మించి పెద్దగా పని లేదు. ఎంత పరిమాణంది తీసుకోవడం సబబో పెద్దలు చెప్పగలరు.

కొలతల టేపు:

సైడ్ బై సైడ్ సంగతి మీ 27 అంగుళాలే తేల్చేశాయి. ఆ రకం ఫ్రిజ్‌లు దాదాపు 36 అంగుళాల వెడల్పు ఉంటాయి. మూడు వందల లీటర్లకు అటూ ఇటూగా ఉండే డబుల్ డోర్ మోడళ్ళు (పైన ఫ్రీజర్‌కు ఒక తలుపు, కింద మిగతా భాగానికి ఒక తలుపు ఉండేవి) చాలావరకు 60 సెంటీమీటర్ల వెడల్పులో, అంటే 24 అంగుళాలకు కొంచెం తక్కువలో దొరుకుతాయి కాబట్టి వాటి దగ్గరే ఆగండి. పక్కలా, వెనకా, పైనా ఎంత ఖాళీ వదలాలో ఆ మోడల్‌తో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ ఖాళీ లేకపోతే లోపలి నుంచి లాగిన వేడి బయటికి పోయే దారి లేక కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది.

లోతును మాత్రం ఎవరూ కొలవరు. వంట గట్టు సాధారణంగా రెండడుగుల లోతు ఉంటుంది. ఈ పరిమాణం ఫ్రిజ్ వెనక ఖాళీతో కలిపి దాదాపు రెండున్నర అడుగులు తీసుకుని గట్టు కంటే ముందుకు వస్తుంది. ఆ తర్వాత మనిషి నడవడానికీ, తలుపు తెరవడానికీ ఎంత మిగులుతుందో నేల మీద సుద్దతో గీసి చూసుకోండి. లిఫ్టు తలుపు, వంటగది గుమ్మం కూడా కొలవండి. గోడ ఏ వైపు ఉందో మీరు చెప్పలేదు.

రిటైర్డ్ మాస్టారు:

అమ్మా, మనిషికి వంద లీటర్లన్నది అమ్మేవారి లెక్క. మీ అవసరం గిన్నెలకూ కూరగాయలకూ గనుక మొత్తం లీటర్లను కాక ఫ్రీజర్ కాకుండా మిగిలే కింది భాగంలోని లీటర్లను చూడాలి. స్టార్ లేబుల్ మీద మొత్తం పరిమాణంతోపాటు వస్తువులు పెట్టుకోవడానికి మిగిలే పరిమాణం కూడా ఉంటుంది. రెండోది ఎప్పుడూ తక్కువే. అందులోంచి ఫ్రీజర్‌కు పోయేది తీసేస్తే మూడు వందల లీటర్ల డబుల్ డోర్‌లో మీకు పనికివచ్చేది రెండు వందల చిల్లర. అందుకే మీ ఇంటికి 300 నుంచి 340 లీటర్ల మధ్య తీసుకోమంటాను. ఫ్రీజర్‌ను మామూలు అరగా మార్చుకునే వీలున్న మోడల్ అయితే వేసవిలో మంచినీళ్ళ సీసాలకూ, ఊరి నుంచి వచ్చే మామిడిపళ్ళకూ అది అక్కరకొస్తుంది. అరలు పైకీ కిందికీ జరపగలిగేవో కాదో చూసి, పిండి గిన్నె ఎత్తును మూతతో సహా కొలిచి షాపుకు పట్టుకెళ్ళండి.

గుంటూరు మెకానిక్:

మాస్టారి లెక్కతో నాకు పేచీ లేదు కానీ, పాత ఫ్రిజ్ బాగానే పనిచేస్తుంటే దాన్ని హాల్లో ఉంచుకుని, వంటగదికి 260 లీటర్లది కొంటే డబ్బు ఆదా అవుతుంది కదా? పిండి, నీళ్ళు పాతదాంట్లో పెట్టుకోవచ్చు.

రిటైర్డ్ మాస్టారు:

కొనేటప్పుడు ఆదా అవుతుంది, కరెంటు బిల్లులో కాదు. రెండు కంప్రెసర్లు ఏడాది పొడవునా నడుస్తాయి. మన దగ్గర యూనిట్లు పెరిగేకొద్దీ పై స్లాబు రేటు పడుతుంది. పైగా స్టార్లన్నవి ఫ్రిజ్ రకాన్నీ, పరిమాణాన్నీ బట్టి ఇచ్చేవి. పెద్ద ఫ్రిజ్‌కు ఐదు స్టార్లు ఉన్నంత మాత్రాన అది మూడు స్టార్ల చిన్న ఫ్రిజ్ కంటే తక్కువ కరెంటు తీసుకుంటుందని అనుకోకూడదు. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లని వేసి ఉంటుంది, పోల్చవలసింది ఆ అంకెనే. బెజవాడ ఎండలకు 43 డిగ్రీల దాకా తట్టుకునే 'టి' తరగతి యంత్రమో కాదో కూడా చూడండి. పొయ్యి పక్కన మాత్రం పెట్టవద్దు.

బెజవాడ కోడలు:

అందరికీ ధన్యవాదాలు. గోడ కుడివైపున ఉంది. పిండి గిన్నె మూతతో కలిపి తొమ్మిది అంగుళాలు. పొయ్యి గట్టుకు రెండో చివర ఉంది.

కొలతల టేపు:

గోడ కుడివైపు ఉంటే జాగ్రత్త పడాలి, ఎందుకంటే మన దగ్గర అమ్మే డబుల్ డోర్ ఫ్రిజ్‌లలో ఎక్కువ వాటికి తలుపు కీళ్ళు కుడివైపే ఉంటాయి. మిగిలే మూడున్నర అంగుళాల ఖాళీని రెండు వైపులా సమంగా పంచకుండా, గట్టు వైపు పుస్తకంలో చెప్పిన కనీస దూరం వదిలి, మిగిలినదంతా గోడ వైపు ఉంచండి. అయినా తలుపు తొంభై డిగ్రీలు దాటి ఎక్కువ తెరుచుకోదు. కాబట్టి షాపులో తలుపును సరిగ్గా తొంభై డిగ్రీల దగ్గర ఆపి పట్టుకుని నిలబడమని ఒకరికి చెప్పి, కూరగాయల ట్రేను మీరే బయటికి లాగి చూడండి. అది తలుపుకు తగిలి ఆగిపోయిందంటే, ఎన్ని లీటర్లదైనా ఆ మోడల్ మీ మూలకు పనికిరాదు.