పాత ఇంజిన్‌తో వేగలేకపోతున్నాం, కొత్త క్రోమియం అడుగుదామా?

బ్రాడీపేట: వెబ్ పేజీని డెస్క్‌టాప్ యాప్‌గా మార్చే ఒక టూలుతో మిర్చి యార్డు కమీషన్ దుకాణాలకు బిల్లింగ్ యాప్ చేసి ఇచ్చాను. ఆ టూలులో ఇప్పటికీ ఎలక్ట్రాన్ (వెబ్ పేజీని యాప్‌గా నడిపే సాఫ్ట్‌వేర్) 19, అంటే క్రోమియం (క్రోమ్‌కు ఆధారమైన బ్రౌజర్ ఇంజిన్) 102 ఉంది. తక్‌పట్టీలో (రైతుకిచ్చే లెక్కల చీటీలో) ఖాళీ వరుసలు దాచడానికి నేను వాడిన ‘హ్యాజ్’ సెలెక్టర్ (పేజీ రూపు దిద్దే సీఎస్‌ఎస్‌లో ఒక సదుపాయం) క్రోమియం 105తోనే వచ్చింది. క్రోమ్‌లో ఒక్క పేజీలో ఒదిగే పట్టీ, యాప్‌లో టిక్కీల (మిర్చి బస్తాల) బరువుల కింద ఖాళీ గళ్లు బారులు తీరి, హమాలీ, కమీషన్ రెండో పేజీకి పోతున్నాయి. రైతు మొదటి పేజీ పట్టుకుని వెళ్లిపోతున్నాడు!

గవర్నరుపేట: మాకూ అదే తంటా. ఒక పోర్టల్ ‘మీ బ్రౌజర్ పాతది’ అని తలుపేసింది. యూజర్ ఏజెంట్ (సైటుకు బ్రౌజర్ చెప్పుకునే తన పేరు, వెర్షన్) మార్చాను. లోపలికి రానిచ్చింది గానీ పేజీ సగమే వచ్చింది. పేరు మార్చుకుంటే వయసు తగ్గుతుందా?

ఆటోనగర్: తొందరపడకండి. మా స్పేరుపార్టుల దుకాణాల్లో విండోస్ 7 ఇంకా నడుస్తోంది. దానికి ఎలక్ట్రాన్ 22 ఆఖరు. 23 పెడితే యాప్ అసలు తెరుచుకోదు. మీ పట్టీ బాగుపడి మా బిల్లులు ఆగిపోతాయి.

బ్రాడీపేట: 22లో ఉన్నది క్రోమియం 108 కదండీ. ‘హ్యాజ్’ అందులో పనిచేస్తుంది. అక్కడికి పెంచితే ఇద్దరికీ సరిపోతుంది.

లబ్బీపేట: నాకు నచ్చలేదు. ఎలక్ట్రాన్ బృందం చివరి మూడు ప్రధాన వెర్షన్లకే మరమ్మతులు ఇస్తుంది. పాత విండోస్ వాళ్ల కోసమని 22కు గడువు పొడిగించినా, అదీ 2023 అక్టోబరు 10తో ముగిసింది. బయటి సైట్లు తెరిచే యాప్‌లో అలాంటి ఇంజిన్ పెట్టుకుని నిద్ర ఎలా పడుతుంది? బిల్డ్ చేసేటప్పుడు, అంటే టూలుతో యాప్ తయారు చేసేటప్పుడు, ఎలక్ట్రాన్ వెర్షన్ ఎంచుకునే వీలు ఇమ్మని టూలు వాళ్లను అడగండి. ఎవరి అవసరం వారిది.

గవర్నరుపేట: టారీకి (ఎలక్ట్రాన్ లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్) మారితే ఈ గొడవే ఉండదు కదా? విండోస్‌లో అది సొంత ఇంజిన్ మోయకుండా, మైక్రోసాఫ్ట్ ఇచ్చే క్రోమియం ఆధారిత వెబ్‌వ్యూ2నే వాడుకుంటుంది.

ఆటోనగర్: విండోస్ 7లో వెబ్‌వ్యూ2 కూడా 109వ వెర్షన్ దగ్గరే ఆగింది. పైగా లినక్స్‌లో వెబ్‌కిట్ అనే వేరే ఇంజిన్ వస్తుంది, పట్టీ మళ్లీ మొదటి నుంచి సరిచూసుకోవాలి. లబ్బీపేట గారి మాటే నయం.

బ్రాడీపేట: సరే, టూలు వాళ్లకు ఇలా పంపుతున్నాను: “బిల్డ్ సమయంలో ఎలక్ట్రాన్ వెర్షన్ ఎంచుకోనివ్వండి. ఎంచుకోకపోతే, మరమ్మతులు అందుతున్న తాజా వెర్షన్ రావాలి. 22, అంతకంటే పాతవి ఎంచుకుంటే హెచ్చరిక చూపాలి.”

లబ్బీపేట: రెండు ఇంజిన్లలో వచ్చిన పట్టీల బొమ్మలు జతచేయండి. రైతు పేరు, ఫోను నంబరు మాత్రం చెరిపేయండి.