అప్‌డేట్: ఇంటర్ అబ్బాయికి రోజూ పొద్దున్నే కడుపునొప్పి, కారణం తెలిసింది

ఇంటర్ ఫస్టియర్ చదివే మా అబ్బాయికి కాలేజీ టైముకి కడుపునొప్పి, రాత్రిళ్లు నిద్ర లేకపోవడం గురించి మొన్నామధ్య అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

స్కానింగ్, థైరాయిడ్ టెస్టు రెండూ నార్మలే. పనికొచ్చింది 14416కి ఫోన్ చేయమన్న సలహా. అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిది, ఉచితం, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడతారు. వాళ్లు సైకియాట్రిస్టుకు చూపించమంటే అమలాపురం నుంచి కాకినాడ తీసుకెళ్లాం.

డాక్టరుగారు ముందు వాడితో విడిగా మాట్లాడి, యాంగ్జైటీ అన్నారు. నొప్పి నటన కాదట, టెన్షన్‌కి కడుపు నిజంగానే మెలిపెడుతుందట. వాళ్ల కాలేజీలో ఆదివారం పరీక్ష, సోమవారం బోర్డు మీద ర్యాంకులు. నొప్పి ఎక్కువయ్యేదీ సోమవారాలే! మందులు రాయలేదు, కౌన్సెలింగ్ మొదలుపెట్టారు. కాలేజీ మాన్పించొద్దు, మానేసినకొద్దీ భయం పెరుగుతుంది, కొన్నాళ్లు ఒంటిపూట పంపండి అన్నారు. దానికి ప్రిన్సిపాల్‌ని ఒప్పించడం వేరే కథ.

చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగమన్నారు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదట. మా ఆవిడ వల్ల కాలేదు. నేనే కాలవగట్టు మీద బండి ఆపి అడిగాను. చాలాసేపు కాలవలో గుర్రపుడెక్క వంక చూసి, "అలా ఏం లేదు నాన్నా, ఆ లిస్టు చూడలేకపోతున్నానంతే" అన్నాడు.

ఫోన్ లాక్కోమని ఇచ్చిన సలహా మా వాడి విషయంలో అనవసరం. దిష్టి మా అమ్మ తీసింది, తీయనిచ్చాం. ఇప్పుడు రెండు పూటలా వెళ్తున్నాడు, నిద్ర పడుతోంది. సోమవారం టిఫిన్ మాత్రం ఇంకా సగమే. వచ్చే నెల మళ్లీ రమ్మన్నారు.