హోమ్ లోన్ ముందే తీర్చేస్తున్నవాళ్లూ, మధ్యలో నీరసం వస్తే ఏం చేస్తున్నారు?

నిజాంపేట_బాకీదారు
2021లో 40 లక్షలు, 20 ఏళ్లకి, 7 శాతానికి తీసుకున్నాను. ఈఎంఐ 31 వేలు. 2023 జనవరిలో ఏదో పని మీద స్టేట్‌మెంట్ తీస్తే వడ్డీ 9 దగ్గర పడింది, ఈఎంఐ మాత్రం అదే. మిగిలిన కాలం ఎంతుందని చూస్తే 28 ఏళ్లు! రెండేళ్లు కట్టినందుకు బహుమానం అన్నమాట.
ఆ రోజు పంతం పట్టాను. మిగిలిన బాకీకి గ్రాఫ్ కాగితం మీద గడికి 25 వేల చొప్పున 152 గళ్లు గీసి బీరువా తలుపు లోపల అంటించాను. అసలు 25 వేలు తగ్గినప్పుడల్లా మా పాప ఒక గడికి రంగేస్తుంది. బోనస్సులు, మా ఆవిడ నాలుగు తులాల గాజులు, అన్నీ అందులోకే పోయాయి. మూడేళ్లకి 36 గళ్లు. ఇంకా 116. పాపకి కూడా విసుగొచ్చి "ఇంకెన్ని నాన్నా" అంటోంది.
మీరెలా నెట్టుకొస్తున్నారు? ఇంకోటి, నెలనెలా కట్టడం మంచిదా, ఏడాదికోసారా?

కరీంనగర్_పోరడు
అన్నా అన్నీ సరే గానీ, గాజులెందుకమ్మినవ్?

నిజాంపేట_బాకీదారు
అప్పు కంటే బరువా గాజులు? 2023లో అమ్మితే రెండు లక్షలొచ్చాయి, అటునుంచటే కట్టేశాను.

కరీంనగర్_పోరడు
గదే గాజులు ఇయ్యాల కొనాలంటే నాలుగు లక్షలు కూడ చాలయ్. 2025 ఏప్రిల్‌లనే తులం లక్ష దాటింది. నువ్వు కట్టింది అప్పు కాదన్నా, బ్యాంకోళ్లకు కట్నం.

లెక్కల_మాస్టారు
9 శాతం అంటే మన లెక్కలో ముప్పావలా వడ్డీ. రెండు లక్షలకి నెలకి 1500. మూడేళ్లకి 54 వేలు మిగిలింది. బంగారం మీద పోయింది రెండు లక్షల పైన. ఇందులో వాదించడానికి ఏముంది?

నిజాంపేట_బాకీదారు
మాస్టారూ, పెరుగుతుందని 2023లో మీకు తెలిస్తే ఇక్కడ రాయాల్సింది. జరిగాక లెక్కలు ఎవడైనా వేస్తాడు.

పద్మ_గుడివాడ
ఆ గాజులు ఆవిడ పుట్టింటివా, మీరు చేయించినవా? అడిగే అమ్మారా, లేక గ్రాఫ్ కాగితం చూపించి ఒప్పించారా? మగవాళ్ల పంతాలన్నీ ఆడవాళ్ల చేతుల మీదుగానే ఎందుకు తీరతాయో నాకర్థం కాదు.

నిజాంపేట_బాకీదారు
పద్మగారూ, ఇల్లు ఆవిడ పేరు మీదే ఉంది. దయచేసి అడిగినదానికి చెప్పండి.

డాలస్_బాబు
గైస్, అసలు ముందే కట్టడం ఎందుకు? నాది 2021లో 2.75 శాతం, 30 ఏళ్లు ఫిక్స్‌డ్. ఒక్క డాలర్ కూడా ఎక్స్‌ట్రా కట్టను. ఆ డబ్బు ఇండెక్స్ ఫండ్‌లో పెడతాను.

కరీంనగర్_పోరడు
పావలా వడ్డీ కూడ కాదు నీది! గసొంటిది మాకు ఇప్పియ్, మేం గూడ కట్టం.

విశ్రాంత_మేనేజర్
32 ఏళ్లు బ్యాంకులో ఇళ్లకి అప్పులిచ్చినవాణ్ణి. నాలుగు మాటలు చెబుతాను, వినండి.
చలన వడ్డీ, అంటే ఫ్లోటింగ్ రేటు మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి అప్పు ముందే కడితే జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. కాబట్టి నెలకి వెయ్యి కట్టినా సరే, కట్టండి. అయితే కట్టాక కాలం తగ్గించమంటారా, ఈఎంఐ తగ్గించమంటారా అన్నది రాసివ్వండి. రాయకపోతే వాళ్లకి తోచింది చేస్తారు. 2023 ఆగస్టులో వచ్చిన రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం, వడ్డీ పెరిగినప్పుడు కూడా ఈఎంఐ పెంచుకుంటారా, కాలం పొడిగించుకుంటారా అని మిమ్మల్ని అడిగి తీరాలి. బాకీదారు గారికి జరిగింది అంతకు ముందు.
నా సలహా, ఈఎంఐయే తగ్గించుకోండి. చేతిలో నాలుగు డబ్బులు ఆడాలి.

లెక్కల_మాస్టారు
తప్పు. కాలమే తగ్గించుకోవాలి. ఈఎంఐ తగ్గిస్తే చేతిలో మిగిలే ఆ నాలుగు డబ్బులూ బిర్యానీలకి పోతాయి.

విశ్రాంత_మేనేజర్
ఉద్యోగం పోయిన నెలలో బ్యాంకువాడు మీ గ్రాఫ్ కాగితం చూసి జాలిపడడు మాస్టారూ. వసూలుకి ఫోన్లు చేసినవాణ్ణి, నాకు తెలుసు.

లెక్కల_మాస్టారు
అంటే ఇన్నేళ్లూ జనానికి నచ్చజెప్పి వడ్డీ ఎక్కువ కట్టించారన్నమాట.

విశ్రాంత_మేనేజర్
మర్యాదగా మాట్లాడండి. క్లాసులో పిల్లల్ని బెదిరించినట్టు కాదు.

ఓడీ_గాడు
ఇద్దరూ ఆగండి. ఎస్‌బీఐ మ్యాక్స్‌గెయిన్ లాంటి ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) లోన్ అయితే ఈ గొడవే లేదు. మిగులు డబ్బు అందులో పడేస్తే ఆ మేరకి వడ్డీ పడదు, అవసరమైతే మళ్లీ తీసుకోవచ్చు. నాది అదే.

పద్మ_గుడివాడ
ఓడీలో వేసింది మా తమ్ముడు మూడుసార్లు తీశాడు. బైకు, గోవా, మళ్లీ బైకు. తీయలేని చోట పెడితేనే కొందరికి అప్పు తీరుతుంది.
మాది చిట్టీలతో తీరింది. 25 నెలల 5 లక్షల చిట్టీ. పాడకుండా చివరిదాకా ఆగి, ఎత్తిన డబ్బంతా అసలుకే కట్టేవాళ్లం. అలా మూడు. నెలవారీ చిట్టీ కట్టాలన్న భయం ముందు ఉత్సాహం గిత్సాహం ఏమీ అక్కర్లేదు.

కరీంనగర్_పోరడు
చిట్టీలోడు ఎత్తేసిండనుకో, అక్కా?

పద్మ_గుడివాడ
రిజిస్టర్డ్ చిట్టీ బాబూ. సందు చివర చిట్టీ కాదు.

డాలస్_బాబు
ట్యాక్స్ బెనిఫిట్ పోతుంది కదా ముందే కట్టేస్తే?

లెక్కల_మాస్టారు
కొత్త పన్ను విధానంలో, ఉంటున్న ఇంటికి వడ్డీ మినహాయింపే లేదు. పాతదాంట్లో 2 లక్షల దాకా ఉంది, 30 శాతం స్లాబులో ఉన్నా మిగిలేది 60 వేలు. 60 వేల కోసం 2 లక్షలు వడ్డీ కడతానంటే నీ ఇష్టం నాయనా.

తీర్చేసినోడు_విజయవాడ
నేను 2022లో మూసేశాను. చివరి కంతు కట్టిన రోజు స్వీట్లు పంచాం. ఒరిజినల్ దస్తావేజులు చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది! "సెంట్రల్ స్టోరేజీ నుంచి రావాలండి" అని తిప్పారు. ఇప్పుడు మీకు నయం. 2023 డిసెంబరు నుంచి, అప్పు తీరిన 30 రోజుల్లో ఇవ్వాలి. ఆలస్యానికి బ్యాంకే కారణమైతే రోజుకి 5 వేల చొప్పున వాళ్లే కట్టాలి. బాకీ లేదని బ్యాంకిచ్చే ఎన్‌ఓసీతో ఊరుకోకండి, తనఖా రద్దయిందో లేదో ఈసీ (ఆస్తి మీద ఉన్న తనఖాలు చూపే రిజిస్ట్రేషన్ శాఖ పత్రం) తీసి చూసుకోండి. మా పక్కింటాయన చూసుకోలేదు, అమ్మబోతే కొనేవాడు వెనక్కి పోయాడు.

ఓడీ_గాడు
ఈసీకి ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే చాలు కదా?

తీర్చేసినోడు_విజయవాడ
చూసుకోవడానికి చాలు.

లెక్కల_మాస్టారు
బాకీదారూ, నీ ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు వడ్డీ ఎంత?

నిజాంపేట_బాకీదారు
అబ్బ, ఇన్నాళ్లకి! 2025లో రెపో (బ్యాంకులకి రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రేటు) 6.5 నుంచి 5.25కి దిగింది కదా, నాది 8.25కి వచ్చింది. బాకీ 29 లక్షలు, ఈఎంఐ మార్చలేదు.

లెక్కల_మాస్టారు
అయితే ఇకమీదట పైసా అదనంగా కట్టకపోయినా పన్నెండున్నరేళ్లలో తీరిపోతుంది. 28 ఏళ్లుండేది, పన్నెండున్నరకొచ్చింది. అందులో మూడేళ్లే నువ్వు బతికావు, మిగతాదాంట్లో కొంత వడ్డీ దిగి పోయింది, ఎక్కువ నువ్వే చెరిపేశావు. నెలకి 20 వేలు కలిపితే ఆరేళ్లు. ఆ గళ్ల కాగితం చింపేయ్. డబ్బుకి గళ్లు గీస్తే 116 కనిపిస్తాయి, ఏళ్లకి గీస్తే ఆరే. నెలనెలా కట్టు, వడ్డీ రోజువారీ బాకీ మీదే పడుతుంది. ఏడాదిదాకా దాచితే ఇంట్లో ఏదో ఒకటి దాన్ని మింగేస్తుంది.

విశ్రాంత_మేనేజర్
ఈ ఒక్కటీ సరిగ్గా చెప్పారు. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకున్నాకే ఆ 20 వేలు అని కూడా చెప్పండి.

లెక్కల_మాస్టారు
చెప్పాల్సింది మీరు చెప్పారుగా.

నిజాంపేట_బాకీదారు
కాగితం మాత్రం చింపను మాస్టారూ. పాప దాని వెనకవైపు ఆరు గళ్లు గీసింది. ఒక్కో గడికి ఒక్కో రంగు కావాలట, కొత్త స్కెచ్ పెన్నులు కొనమంటోంది.

పద్మ_గుడివాడ
కొనండి. గాజుల సంగతి మాత్రం ఇంకా చెప్పలేదు మీరు.