ఎడారి ఊరి దగ్గర నక్షత్రాలు చూడాలంటే ఎంత దూరం పోవాలి?

ధ్రువదర్శి:

ఎడారి ఊరికి వెళ్ళి ఆకాశం చూడాలనుకునేవాళ్ళకు అందరూ చెప్పే మాట ఒకటే: ఊరు వదిలి ఎంత దూరం పోగలిగితే అంత దూరం పొండి. నేను దీనికి ఒప్పుకోను. చిన్న ఊరైతే 20 కిలోమీటర్లు చాలు, కాకపోతే ఏ వైపు వెళ్తున్నామో చూసుకోవాలి.

నా లెక్క చెప్తాను. 1970లలో మెర్ల్ వాకర్ అనే ఖగోళ శాస్త్రవేత్త కాలిఫోర్నియా పట్టణాల వెలుగు ఆకాశాన్ని ఎంత దూరం దాకా పాడుచేస్తోందో కొలిచి ఒక సూత్రం ఇచ్చారు. దాని ప్రకారం దూరం రెట్టింపైతే ఊరి వెలుగు దాదాపు ఆరో వంతుకు పడిపోతుంది. 20 వేల జనాభా ఉన్న ఊరికి ఈ సూత్రం వేసి చూడండి. 10 కి.మీ. దగ్గర ఊరి వైపు ఆకాశం సహజంగా ఉండాల్సిన దానికంటే 60 శాతం పైగా వెలుగెక్కుతుంది. 20 కి.మీ. దగ్గర అది 11 శాతం, 40 దగ్గర 2 శాతం. మొదటి 20 కి.మీ.లోనే లాభమంతా వచ్చేసింది. 11 శాతం తేడాను మామూలు కన్ను పట్టుకోవడం కష్టం.

ఇంకొకటి ఎవరూ పట్టించుకోరు. అదే సూత్రంలో 10 లక్షల జనాభా ఉన్న నగరం 100 కి.మీ. దూరం నుంచి కూడా 10 శాతం వెలుగు పెంచుతుంది. అంటే చిన్న ఊరిని తప్పించుకుందామని నగరం వైపు అరవై, డెబ్బై కిలోమీటర్లు వెళ్ళినవాళ్ళు మంచి ఆకాశాన్ని వెనక వదిలేసి వెళ్తున్నట్టే.

ఇక దిక్కు. ఉత్తరార్ధగోళంలో ధనుస్సు, వృశ్చికం ఉన్న పాలపుంత నడిభాగం దక్షిణాన కిందుగా కనిపిస్తుంది. కాబట్టి ఊరికి దక్షిణంగా వెళ్తే ఊరి వెలుగు వీపు వెనక ఉండిపోతుంది. దక్షిణార్ధగోళంలో ఆ భాగం నడినెత్తికి దగ్గరగా వస్తుంది కనుక అక్కడ ఈ పట్టింపు తక్కువ.

మృగశిర:

ధ్రువదర్శి గారూ, సూత్రం సరైనదే. దాన్ని మీరు వాడిన తీరుతోనే నాకు పేచీ. వాకర్ లెక్క 45 డిగ్రీల ఎత్తున ఉన్న ఆకాశానిది. దిగంతం వైపు కిందికి వచ్చేకొద్దీ ఊరి వెలుగు చాలా ఎక్కువ. ఎడారికి మనం వెళ్ళేదే చెట్లు, భవనాలు అడ్డం లేకుండా నేల దాకా ఆకాశం దొరుకుతుందని. ఆ కింది భాగాన్నే వదులుకుంటే ఇక అంత దూరం వెళ్ళి ఏం లాభం?

ఒక ఉదాహరణ ఇస్తాను. రాశిచక్ర కాంతి. గ్రహాలు తిరిగే తలంలో పరుచుకున్న సన్నని ధూళి మీద సూర్యకాంతి పడి వచ్చే మసక వెలుగు ఇది, ఏటవాలుగా నిలబడిన గోపురంలా ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో సంధ్య వెలుగు పూర్తిగా పోయాక పడమరన, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తెల్లవారకముందు తూర్పున చూడాలి. పడమరన 20 కి.మీ.లో ఊరుంటే ఫిబ్రవరిలో దీని మీద ఆశ వదులుకోవచ్చు. త్రికోణ గెలాక్సీ సంగతీ అంతే. దాని ప్రకాశ పరిమాణం 5.7 (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ), పైగా ఆ కాంతంతా చాలా మేర పరుచుకుని ఉంటుంది. ఉత్త కళ్ళతో అది కనిపించాలంటే నిజంగా చీకటైన ఆకాశం కావాలి. చూసినవాళ్ళకు 20 కి.మీ. చాలదని చెప్పాల్సిన పనే ఉండదు. నన్నడిగితే 60 కి.మీ. అయినా పోవాలి.

పైగా వాకర్ కొలిచిన కాలంలో తెల్ల ఎల్ఈడీలు లేవు. గాలిలో నీలి వెలుగు ఎక్కువగా చెదురుతుంది. 450 నానోమీటర్ల నీలి కాంతి, 600 నానోమీటర్ల నారింజ కాంతి కంటే మూడు రెట్లు ఎక్కువ. జనాభా పెరగకపోయినా లైట్లు మారిస్తే చాలు, ఆ పాత లెక్క తప్పిపోతుంది.

రాత్రిబాట:

మీరిద్దరూ ఆకాశం గురించే మాట్లాడుతున్నారు. నేల గురించి కూడా చెప్పాలి.

60 కి.మీ. లోపలికి వెళ్ళాక ఫోన్ సిగ్నల్ ఉండదు. టైరు ఇసుకలో దిగబడితే తెల్లారేదాకా ఎవరూ రారు. పగలు కాలిపోయే ఎడారి రాత్రి గడ్డకట్టే చలికి దిగొచ్చు. పొడిగాలి, మబ్బులేని ఆకాశం ఉంటే నేల వేడి త్వరగా పైకి పోతుంది. మనం కోరుకునే ఆకాశమే మనల్ని చలికి వణికిస్తుంది, అందుకే దుప్పట్లు, నీళ్ళు ఎక్కువే తీసుకెళ్ళాలి. కొత్త చోటును ముందు పగలు వెళ్ళి చూడాలి, ఇది తప్పనిసరి. బండిని బయటికి వెళ్ళే దారి వైపు తిప్పి ఆపుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం: ఎండిన వాగులో మకాం వేయొద్దు. గాలి తగలదు, ఊరి లైట్లు కనిపించవు, చాలామందికి అదే మంచి చోటనిపిస్తుంది. ఎక్కడో కనిపించనంత దూరంలో కొండ మీద వాన పడితే, మన నెత్తిన చుక్కలు మెరుస్తుండగానే ఆ వాగులో వరద రావచ్చు. తొలిసారి వెళ్ళేవాళ్ళకు 20 కి.మీ. అన్న ధ్రువదర్శి గారి మాటే సరైనది, కాకపోతే నా కారణాలు వేరు.

అశ్విని:

వాగు వద్దన్నందుకు ఇంకో కారణం చేరుస్తాను. రాత్రి చల్లబడ్డ బరువైన గాలి జారి పల్లంలో చేరుతుంది, దాంతో పాటు పొగా దుమ్మూ అక్కడే నిలుస్తాయి. కాస్త ఎత్తున్న వాలు మీద గాలి తేటగా ఉంటుంది. టెలిస్కోప్‌తో గ్రహాలు చూసేవాళ్ళకు ఇది బాగా తెలుస్తుంది, బొమ్మ వణకడం తగ్గుతుంది.

దూరం మీద ఇంత వాదించుకుంటున్నాం గానీ ఎడారిలో ఆకాశాన్ని ఎక్కువసార్లు పాడుచేసేది దుమ్ము. ఇసుక గాలి వీచిన మర్నాడు 80 కి.మీ. వెళ్ళినా దిగంతం మసకే. దుమ్ము నక్షత్రాల కాంతిని తగ్గించడమే కాకుండా ఊరి వెలుగును పట్టుకుని మన వైపు చెదరగొడుతుంది. వాన పడి వెలిసిన రాత్రి 15 కి.మీ. దగ్గరే అద్భుతంగా ఉండొచ్చు. చోటు ఎంత ముఖ్యమో రాత్రిని ఎంచుకోవడం అంత ముఖ్యం.

కొండ చాటు గురించి కూడా ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. ఊరికీ మనకూ మధ్య గుట్ట ఉంటే ఆకాశంలోని ఊరి వెలుగు తగ్గదు. తగ్గేది నేరుగా కంట్లో పడే దీపాలు. అది చిన్న లాభమేమీ కాదు. కన్ను చీకటికి అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్ల దీపం దాన్ని మొదటికి తెస్తుంది. గుట్ట చాటున 15 కి.మీ.లో కూర్చున్నవాళ్ళు, హైవే పక్కన 40 కి.మీ.లో కూర్చున్నవాళ్ళ కంటే ఎక్కువ చూస్తారని నా నమ్మకం.

ధ్రువదర్శి:

అశ్విని గారూ, గుట్ట విషయం చాలా బాగా చెప్పారు. మృగశిర గారూ, రాశిచక్ర కాంతి కోసం వెళ్ళేవాళ్ళు దూరం వెళ్ళాల్సిందే, అందులో వాదన లేదు. కానీ ఎక్కువమంది వచ్చేది పాలపుంతను జీవితంలో మొదటిసారి చూడడానికి. 2016లో వచ్చిన ప్రపంచ కాంతి కాలుష్య అట్లాస్ ప్రకారం ప్రపంచ జనాభాలో మూడో వంతుకు పైగా మనుషులకు తామున్న చోటి నుంచి పాలపుంత కనిపించదు. వాళ్ళతో "60 కి.మీ. లోపలికి పొండి, లేకపోతే దండగ" అంటే సగం మంది బయల్దేరనే బయల్దేరరు.

కాంతి కాలుష్య మ్యాప్ చూసి చోటు ఎంచుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఆ మ్యాపుల వెనక ఉన్నది ఎక్కువగా వీఐఐఆర్ఎస్ అనే ఉపగ్రహ పరికరం. 500 నానోమీటర్ల కంటే తక్కువ ఉన్న నీలి కాంతి దానికి కనపడదు. ఊళ్ళో పాత దీపాలు తీసి తెల్ల ఎల్ఈడీలు పెడితే, నేల మీద ఆకాశం పాడైనా మ్యాపులో బాగుపడినట్టు కనిపించవచ్చు. కాబట్టి మ్యాపును దారి చూసుకోవడానికి వాడండి, తీర్పు మాత్రం మీ కళ్ళకు వదలండి.

కళ్ళతో ఎలా అంటారా? పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర నక్షత్రాలు నాలుగూ కలిసి పెద్ద చతురస్రంగా ఉంటాయి. అది బాగా పైకి వచ్చాక, కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక, లోపల ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టండి. ఒక్కటీ కనిపించకపోతే అది నగరపు ఆకాశం. పది దాకా దొరికితే అంతకంటే దూరం పోవాల్సిన అవసరం నాకు కనిపించదు.

చిన్నచుక్క:

నాదో సందేహం. ఎడారి ఊరికి దగ్గరలో గుట్ట చాటున్న మంచి చోటు ఒకటి నాకు తెలుసు. దాని జీపీఎస్ వివరాలు అందరికీ ఇవ్వాలా వద్దా? ఇస్తే జనం హెడ్‌లైట్లతో, తెల్ల టార్చ్‌లతో వచ్చి పాడుచేస్తారని కొందరు భయపెడుతున్నారు.

రాత్రిబాట:

ఇవ్వొద్దు. జనం మీద అపనమ్మకంతో అనడం లేదు, నేల కోసం అంటున్నాను. చాలా ఎడారుల్లో మట్టి పైన సన్నని ప్రాణమున్న పొర ఉంటుంది, సూక్ష్మజీవులు, నాచు, లైకెన్లు కలిసి కట్టుకున్నది. ఇసుక లేచిపోకుండా పట్టి ఉంచేది అదే. బండి ఒక్కసారి దాని మీదుగా వెళ్ళినా ఆ గాటు మానడానికి దశాబ్దాలు పట్టొచ్చు. పశువులు మేపుకునే నేల, ఎవరిదో సొంత నేల కూడా కావచ్చు. ముందే బండ్లు ఆపడానికి గట్టి చోటు ఉన్న ప్రదేశాల పేర్లే చెప్పండి.

మృగశిర:

దీనికి నా జవాబు రాత్రిబాట గారికి నచ్చకపోవచ్చు. దగ్గరి చోట్లు దాచిపెడితే వాటిని కాపాడేవాళ్ళు ఎవరూ ఉండరు. 2023లో ప్రచురితమైన ఒక పరిశోధన, మామూలు మనుషులు తమ కళ్ళతో చూసి పంపిన 50 వేలకు పైగా పరిశీలనలతో లెక్క కట్టి, 2011 నుంచి 2022 దాకా ఆకాశపు వెలుగు సగటున ఏటా 9.6 శాతం పెరిగిందని తేల్చింది. ఆ వేగంతో ఎనిమిదేళ్ళలో వెలుగు రెట్టింపవుతుంది. ఈరోజు 20 కి.మీ.లో బాగున్న చోటు రేపు 35కి జరుగుతుంది.

అడ్డుకోవడం సాధ్యమే. అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ 1958లోనే ప్రకటనల సెర్చ్‌లైట్లను కట్టడి చేసింది, 2001లో ప్రపంచంలో మొదటి చీకటి ఆకాశ నగరంగా గుర్తింపు పొందింది. కాలిఫోర్నియా ఎడారిలోని చిన్న ఊరు బొరెగో స్ప్రింగ్స్‌కు 2009లో అలాంటి గుర్తింపే వచ్చింది. దీపానికి పైన మూత, వెచ్చని రంగు, అవసరం లేనప్పుడు ఆపేయడం. అడగాల్సినవి ఇవే. ఆ ఊరి దగ్గర ఆకాశం చూసి కదిలిపోయిన మనుషులు ఉంటేనే అడిగేవాళ్ళు ఉంటారు. అందుకే చిన్నచుక్క గారూ, బండి ఆపే చోటు గట్టిగా ఉంటే వివరాలు ఇవ్వండి, ఎర్ర టార్చ్ తెచ్చుకోమని కూడా దానితో పాటే రాయండి.

దూరం విషయంలో మాత్రం నేను 60 దగ్గరే ఉన్నాను.

ధ్రువదర్శి:

అయితే కొలిచి చూద్దాం. అమావాస్య దగ్గర్లో ఒకే రాత్రి 10, 20, 40, 60 కి.మీ. దగ్గర ఆగి చతురస్రంలో చుక్కలు లెక్కపెట్టి ఇక్కడ రాయండి. ఎవరు ఏ ఎడారిలో చేసినా సరే.

అశ్విని:

చేసేవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోండి. సాయంత్రం దుకాణాలు, వాహనాల దీపాలు ఎక్కువ, అర్ధరాత్రి దాటాక తగ్గుతాయి. పొద్దుపోయే కొద్దీ చతురస్రం ఎత్తు కూడా మారుతుంది. దగ్గరి చోటు తొమ్మిదింటికి, దూరపు చోటు ఒంటిగంటకు చూస్తే దూరమే గెలిచినట్టు కనిపిస్తుంది. వెళ్ళేటప్పుడూ, తిరిగొచ్చేటప్పుడూ 20 దగ్గర ఆగి రెండు లెక్కలూ రాయండి. ఒకరు లెక్కపెట్టాక రెండోవారికి చెప్పకుండా, ఇద్దరూ విడిగా రాసుకుంటే ఇంకా నయం.